మూడో సర్వర్‌కి చెప్పిన మాట

"ఏమండీ, మీ సర్వర్లు మూడూ నడివీధిలో నిలబడి ఇంటిగుట్టు మాట్లాడుకుంటున్నాయి. తెలుసా?"

ఆమె అతనితో అన్న మొట్టమొదటి మాట ఇదే. హెడ్డాఫీసు నుంచి వచ్చిన సెక్యూరిటీ ఇంజనీరు. రావడం రావడమే నిప్పులు కక్కింది. ఆ సర్వర్లను కంటికి రెప్పలా చూసుకుంటున్న మన కుర్రాడి ముఖం కందగడ్డయిపోయింది.

"బానే నడుస్తున్నాయి కదండీ!"

"నడిస్తే సరా? కస్టమర్ల వివరాలన్నీ బయటి కేబుల్ మీదే ఒకదానికొకటి చెప్పుకుంటున్నాయి. వాటికి లోపలే వేరే దారి వెయ్యాలి. అది అయ్యేదాకా నేనిక్కడే ఉంటా."

ఆ చివరి మాటకి అతనికి ఒళ్లు మండింది. వారం తిరిగేసరికి అదే మాట తలుచుకుని తనలో తను నవ్వుకోసాగాడు. ప్రేమంటే అంతే మరి!

ప్రతి సర్వర్‌కీ రెండో నెట్‌వర్క్ కార్డు, దానికో లోపలి అడ్రసు. అతను కేబుల్ గుచ్చుతుంటే ఆమె టార్చి పట్టుకునేది. చల్లటి గదిలో పచ్చదీపాలు మిణుకుమిణుకుమనేవి. అద్దం తలుపు అవతల వరండాలో వానజల్లు కొట్టేది. ఆమె జడ భుజానికి తగిలితే చాలు, పాపం, ఏ కేబుల్ ఎక్కడిదో మరిచిపోయేవాడు.

"అంత మెల్లగానా? తీగకి నొప్పి పుడుతుందనా?"

"తొందరేముందండీ?"

"నాకుంది. శుక్రవారం టెస్ట్ పాసైతే సాయంత్రం రైలుకి వెళ్లిపోవాలి."

అతని గుండె జారిపోయింది. మనసులో మాట చెబుదామంటే ధైర్యం చాలదు.

శుక్రవారం రానే వచ్చింది. ఆమె పక్కగదిలో కూర్చుని బయటి కేబుల్ మీద పోయే ప్రతి మాటనీ స్క్రీన్ మీద చూస్తోంది. సర్వర్ల కబుర్లు అక్కడ కనబడకపోతే పాసైనట్టే.

"మొదటిదాన్నుంచి మూడోదానికి ఏదో ఒకటి పంపండి!" అని కేకేసింది.

లోపలి దారిలో పోయేదేగా, ఎవరు చూస్తార్లే అనుకున్నాడు. 'ఈ పని పూర్తికాకూడదు. అయితే ఆమె వెళ్లిపోతుంది. ఆమె లేకపోతే నాకేం తోచదు' అని టైపు కొట్టి పంపేశాడు.

పక్కగదిలో కుర్చీ కిర్రుమంది. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మొదటి సర్వర్లో మూడోదాని పాత అడ్రసే వదిలేశారు."

"అంటే..."

"మీ మాట బయటి కేబుల్ మీదే వచ్చింది. నేను చూసేది అదేగా! సరిచెయ్యండి."

అతనికి తల కొట్టేసినట్టయింది. సరిచేస్తే ఆమె వెళ్లిపోతుంది. చెయ్యకపోతే ఇంకో రెండ్రోజులుంటుంది. కానీ పని చెడగొట్టి ఆమెను ఆపుకోవడం అతనివల్ల కాలేదు. అడ్రసు మార్చి మళ్లీ పంపాడు.

ఈసారి ఆమె నెమ్మదిగా వచ్చింది.

"ఏమీ కనబడలేదు. టెస్ట్ పాస్. ఏం పంపారు?"

"అదే."

"మూడో సర్వర్‌కి చెబితే అదొచ్చి మా నాన్నని అడుగుతుందా? మనిషిని ఎదురుగా ఉన్నాను. నోరు లేదా?"

వాన జోరందుకుంది. అతను గబగబా అనేశాడు. "మీరంటే ఇష్టం. చాలా ఇష్టం. వెళ్లద్దనను గానీ, నేనూ వస్తాను."

"స్టేషన్ దాకానా?"

"మీ నాన్నగారి దాకా."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. బ్యాగు తీసి అతని చేతిలో పెట్టింది.

"అయితే ఇంకా నిలబడతారేం? ఇంకో టికెట్ దొరుకుతుందేమో చూడండి!"