టోల్‌గేటు దగ్గర ఉపన్యాసం

వింటర్‌కూంబ్ ఊరి చివర, వంతెన దాటగానే ఒక పాత టోల్‌గేటు ఇల్లు ఉండేది. పొద్దుగూకితే అటు వెళ్ళడానికి ఎవరికీ కాళ్ళు వచ్చేవి కావు. గేటు కాసే ఓబెడ్ చచ్చిపోయినా డ్యూటీ మానలేదని ఊరంతా చెప్పుకునేది. చీకట్లో లాంతరు ఊగేదట... వెనక నుంచి చల్లటి చెయ్యి కాలరు పట్టుకునేదట... "సుంకం కట్టి పో" అని చెవి దగ్గర ఎవరో గొణిగేవారట.

ఓబెడ్ కసికి కారణం లేకపోలేదు. టోల్‌గేట్లు ఎత్తేసే చట్టం వచ్చి అతని పొట్ట కొట్టింది. ఆ చలికాలమే బెంగతో పోయాడు. ఆ చట్టం తెచ్చింది ఎవరో కాదు — ఆ ఊరివాడే, లిబరల్ పార్టీ మంత్రిగా వెలిగిన సర్ సెప్టిమస్.

సర్ సెప్టిమస్‌కి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఉన్న నమ్మకమంతా తన ఉపన్యాసాల మీదే. "నేను లేచి నిలబడితే సగం సభ భోజనానికి పోయేది, మిగతా సగం అప్పటికే నిద్రపోయేది" అని తన మీద తనే జోకులు వేసుకునేవాడు. అలాగని మాట్లాడటం మానలేదు. ఈసారి ఎన్నిక మాత్రం ఆయనకు ప్రాణంతో సమానం. గెలిస్తే మళ్ళీ లండన్, మళ్ళీ మంత్రి పదవి. ఓడితే ఈ ముసలితనంలో ఇంట్లో కూర్చుని గులాబీలకు నీళ్ళు పోసుకోవాలి.

ఇంట్లో సాధన చెయ్యబోతే భార్య హెన్రియెట్టా సాగనివ్వలేదు.

"పిల్లి కూడా ఇల్లు వదిలి పోయిందండీ. ఎక్కడికైనా వెళ్ళి చెప్పుకోండి," అంది.

అలా ఆయన రోజూ చీకటి పడ్డాక టోల్‌గేటు ఇంటికి చేరేవాడు. బండి తోలే జెత్రో వంతెన దగ్గర దింపేవాడు. పగిలిన కిటికీ, బూజు వాసన... గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు — పొలం పని చేసేవాళ్ళకు ఓటు తెచ్చిపెట్టింది ఎవరు, నేను కాదా అని.

కాసేపటికి చీకట్లోంచి... సన్నగా... గురక వినిపించేది.

చలికి ఓర్చుకోలేక జెత్రో తలుపు వెనక చేరి నిద్రపోతున్నాడనుకునేవాడు. కోప్పడేవాడు కాదు. గురక వింటుంటే పార్లమెంటులో ఉన్నట్టే ఉండేది మరి.

ఎన్నిక అయింది. సర్ సెప్టిమస్ ఓడిపోయాడు.

ఆ రాత్రి ఇంటికి వస్తూ, వంతెన దగ్గరికి రాగానే అడిగాడు. "మన ఊళ్ళో నాకెన్ని ఓట్లు పడి ఉంటాయి జెత్రో?"

"మీది తప్ప ఒక్కటీ పడి ఉండదు దొరగారూ."

"నువ్వో?"

"నేనూ వెయ్యలేదు."

"నేనిప్పించిన ఓటు నాకే వెయ్యలేదా?"

"ఎవరు ఎవరికి వేశారో తెలియకూడదని చట్టం తెచ్చిందీ మీ పార్టీయే కదండీ. అందుకే ధైర్యంగా అవతలివాడికి వేశాం."

సర్ సెప్టిమస్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మీకు నేనేం అన్యాయం చేశానురా?"

"అన్యాయమా? మీరంటే మాకు ప్రాణం. గెలిస్తే లండన్ వెళ్ళిపోతారు." జెత్రో గొంతు తగ్గించాడు. "మీరు ఆ ఇంట్లో మాట్లాడటం మొదలుపెట్టాక ఓబెడ్ ఒక్కర్నీ పట్టుకోలేదు. మీరు ఒక్కసారి మాట్లాడితే చాలు... తెల్లారేదాకా లేవడు. అర్ధరాత్రి మంత్రసాని కోసం పరిగెత్తడానికి కూడా దారి దొరికింది మాకు."

"తెలివితక్కువవాడా, ఆ గురక నీది."

జెత్రో గుర్రాన్ని ఆపాడు. "మిమ్మల్ని దింపాక నేను ఏనాడూ వంతెన దాటలేదు దొరగారూ."

సర్ సెప్టిమస్‌కి ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా జనాన్ని బాగుచేస్తే చివరికి వాళ్ళు తనని దెయ్యానికి జోలపాట కింద వాడుకున్నారు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదని ఇప్పుడే తేల్చేస్తానని బండి దిగి, విసవిసా వెళ్ళి తలుపు తోశాడు.

చీకటి... నిశ్శబ్దం... గురక లేదు. ఈ రాత్రి ఆయన దగ్గర ఉపన్యాసమూ లేదు.

"చూశావా జెత్రో, ఇక్కడ ఎవరూ..." అంటూ వెనక్కి తిరగబోయాడు.

మూలన లాంతరు వెలిగింది.

చల్లటి చెయ్యి కాలరు మీద పడింది. చెవి దగ్గర గొణుగుడు — "గేటు ఎత్తేసింది... నువ్వేనా?"

సర్ సెప్టిమస్ అలవాటు ప్రకారం గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా..."

కాలరు మీద పట్టు కాస్త సడలింది.

జీవితంలో మొట్టమొదటిసారి, వినేవాడు నిద్రపోవాలని మనసారా కోరుకుంటూ మాట్లాడాడు సర్ సెప్టిమస్.