నేలమాళిగలో రెక్కలవాళ్ళు

వాకిట్లో నిలబడి రొప్పుతున్న ఆ పిల్లకు పదహారేళ్ళు మించవు. కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

“మా నాన్న చచ్చిపోయాడండీ. రెక్కలవాళ్ళే చంపారని మా బాబాయి వాళ్ళందర్నీ కొలిమిలో వేసేస్తానంటున్నాడు. వాళ్ళు అలాంటివాళ్ళు కాదండీ! మీరే ఏదో ఒకటి చెయ్యాలి.”

సూదమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి లేచింది. ఎంత సన్నని కంతలోకైనా దూరే ఆమె చూపును బట్టి జనం పెట్టిన పేరది. ఆమె లేచిందంటే కాంపౌండరు మందుల సంచి భుజాన వేసుకున్నట్టే. ఆస్పత్రి ఉద్యోగం మానేసి ఆమె వెంట తిరగడం మొదలుపెట్టాకే తన బతుకుకో అర్థం వచ్చిందని అతని నమ్మకం.

ఆ పిల్ల వాళ్ళది దారం కార్ఖానా. పైమెట్టు మీంచి చూస్తే నేలమాళిగ నిండా ఇనుప పంజరాలు. వాటిల్లో జానెడు ఎత్తు మనుషులు, రెక్కలుండాల్సిన చోట కత్తిరించిన మోళ్ళతో, తలలు వంచుకుని దారం తీస్తున్నారు. ఆ దారం కంటికి ఆనదు. ఏనుగు లాగినా తెగదు.

మెట్ల అడుగున యజమాని శవం. చేతిలో కత్తెర. పంజరంలో పుట్టిన ఒక పసిదానికి ఆ పొద్దున రెక్కలు కత్తిరించడానికి దిగుతున్నాడట.

“జాగ్రత్తమ్మా,” అంటూ అప్పటికే కింద ఉన్న ఇన్‌స్పెక్టరు టార్చి వేశాడు. మెట్ల మధ్యలో, ఈ గోడ నుంచి ఆ గోడకు, రెండు ఇనుప మేకులకు బిగించిన దారం తళుక్కుమంది. “దీన్నెవరూ కదిలించలేదు. మేం దాటుకుంటూ దిగాం.”

యజమాని తమ్ముడు మూలనున్న పంజరం చూపించాడు. దాని గడియ తీసి ఉంది. లోపల ఒక తల్లి పసిదాన్ని గుండెకు అదుముకుని కూర్చుంది.

“ఇదేనండీ! రాత్రి గడియ తీసుకుని వచ్చి దారం కట్టింది. నేను పైగదిలో ఉన్నాను. అన్నయ్య కేక వినగానే ఒక్క పరుగున దిగాను. అప్పటికే ప్రాణం పోయింది.”

“తర్వాత ఎవరొచ్చారు?”

“నేనండీ,” అంది యజమాని భార్య. “మెట్లు దిగబోతుంటే ‘వదినా, ఆగు, దారం కట్టారు’ అని మరిది కింద నుంచి అరిచాడు.”

సూదమ్మ పంజరం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. “ఈ గడియ నువ్వే తీశావా తల్లీ?”

ఆ తల్లి యజమాని తమ్ముడి వైపు ఒకసారి చూసింది. వేలు చాచి ఊచను తాకింది. చర్మం చుయ్‌మంది. కాంపౌండరు గబగబా మందు రాసి, ఒక్కొక్క పంజరం దగ్గరికీ వెళ్ళి అందరి అరచేతులూ చూసొచ్చాడు. ఆ వేలి మీద తప్ప ఎక్కడా కొత్తగా కాలిన మచ్చ లేదు.

సూదమ్మ ఇంట్లోవాళ్ళందర్నీ పంజరాల ముందుకు పిలిచింది.

“గడియ ఇనుము. మేకులు ఇనుము. తాకితే కాలిపోయేవాళ్ళు గడియ తీసి మేకులకు ముడులెలా వేస్తారు? ఇది మన చేతుల పనే.” తమ్ముడి వైపు తిరిగింది. “కేక వినగానే ఒక్క పరుగున దిగానన్నారు. దారమేమో బిగించినట్టే ఉంది. మీ అన్నగారిని పడేసిన దారం మిమ్మల్నెందుకు పడెయ్యలేదు?”

“చూసి... దాటాను.”

“టార్చి వేస్తే గానీ పోలీసులకే కనపడలేదు. అదెక్కడుందో మీకు ముందే తెలుసు. మీరు కడుతుంటే వీళ్ళందరూ చూశారు. అందుకే కదూ కొలిమి?”

తమ్ముడి మొహం పాలిపోయింది. తర్వాత గొంతు చించుకుని అరిచాడు. “ముప్పై ఏళ్ళు నన్నూ వీళ్ళలాగే చూశాడు! పంజరం లేదు, అంతే తేడా!”

ఇన్‌స్పెక్టరు బేడీలు వేశాడు.

“మరి ముందే చెప్పొచ్చుగా?” అన్నాడు కాంపౌండరు ఆ తల్లితో, ఉండబట్టలేక.

“మా మాట ఎవరు నమ్ముతారు?” ఆమె గొంతు ఎండుటాకు కదిలినట్టుంది.

ఆ పిల్ల ఒక్కొక్క గడియా తీయసాగింది. యజమాని భార్య అడ్డం వచ్చింది. “ఏం చేస్తున్నావే? రేపట్నించి మనమెలా బతకాలి?”

“ఏమో అమ్మా. ఇలా మాత్రం కాదు.”

ఆవిడ చివరికి పక్కకు తప్పుకుంది. సాయం మాత్రం చెయ్యలేదు. ఇనుప గడప వాళ్ళకు తగలకుండా ఆ పిల్లా, కాంపౌండరూ ఒక్కొక్కరినీ ఎత్తి పెరట్లో దించారు.

“రెక్కలు మళ్ళీ మొలుస్తాయా?” సూదమ్మ అడిగింది.

“మొలవవు. నడుస్తాం,” అంది పసిదాని తల్లి.

వాళ్ళు కంచె కింద నుంచి బారుగా వెళ్ళిపోయారు. తల్లి భుజం మీద పసిది రెక్కలు విప్పి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ ముడుచుకుంది. దానికి ఎగరడం చూపించేవాళ్ళు ఆ బారులో ఒక్కరూ లేరు.