గేటు పక్క రేల మొక్క

మధ్యాహ్నం బెల్లు కొట్టి పది నిమిషాలైనా కాలేదు. చిటపట అప్పుడే కోపంతో ఊగిపోతోంది.

అది ఆ పిల్ల అసలు పేరు కాదు. వేడి నూనెలో ఆవాల్లా పేలుతుందని వాళ్ళమ్మ సరదాగా పెట్టింది. ఆరో తరగతికి వచ్చేసరికి బడంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది.

ఆ రోజు కోపం రేల మొక్కల గురించి. బడి గేటుకి అటొకటి, ఇటొకటి ఉన్నాయి. పెద్దవైతే బంగారు రంగు పూలు గుత్తులుగా వేలాడతాయట. ప్రస్తుతానికి ఆకులే వేలాడుతున్నాయి. మట్టి బీటలు వారింది. తోటమాలి తాతేమో నీడలో కూర్చుని తాపీగా కత్తెరకి పదును పెట్టుకుంటున్నాడు. నీళ్ళ పైపు గోడకి తగిలించి ఉంది.

"తాతా, వీటికి నీళ్ళు పొయ్యవా?" అని అడిగింది.

"పోసి తొమ్మిది రోజులేగా అయింది తల్లీ. ఇంకో ఆరు రోజులు ఆగాలి."

తొమ్మిది రోజులట! ఇంకో ఆరట! ఈయన మాత్రం గంటకోసారి కుండలో నీళ్ళు ముంచుకుని తాగడం లేదూ? తాత మొక్క వేళ్ళ గురించి ఏదో చెప్పబోయాడు. చిటపట వింటేగా? విసవిసా క్లాసులోకి వెళ్ళిపోయింది.

నోట్‌బుక్ నడిమి పేజీ చించి పెద్ద అక్షరాలతో రాసింది. "తోటమాలి తాత బద్ధకం వల్ల మొక్కలు చచ్చిపోతున్నాయి. ఆయనకి జాలి లేదు." కింద నలభై మంది చేత సంతకాలు పెట్టించింది. సగం మంది చదవకుండానే పెట్టారు. దాన్ని నోటీసు బోర్డుకి అంటించి, హెడ్ మేడమ్‌ని పిలుచుకొచ్చి మరీ చూపించింది.

మేడమ్ ఇద్దరి మాటా విన్నారు కానీ ఎటూ తేల్చలేకపోయారు. చివరికి ఎడమ మొక్క పిల్లలది, కుడి మొక్క తాతది, ఒకరి మొక్క జోలికి ఒకరు వెళ్ళకూడదని చెప్పేశారు.

తాత ఆ కాగితం దగ్గరికొచ్చి చదివాడు. "ముప్పై ఏళ్ళుగా మొక్కలు పెంచుతున్నా. బద్ధకం అన్న మాట ఇవాళే విన్నా" అని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి పిల్లలంతా ఇంటికి వెళ్ళేముందు సీసాల్లో మిగిలిన నీళ్ళు ఎడమ మొక్క మొదట్లో పోసేవారు. రెండు నెలల్లో అది గుబురుగా ఆకులేసి చిటపట తలని దాటిపోయింది. కుడి మొక్క సన్నగా, చువ్వలా అలాగే ఉంది. చిటపట రోజూ తాతకి వినిపించేలా తన మొక్కని పొగిడేది. తాత తన పని తను చేసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి దుమ్ము లేచింది. కిటికీలు టపటపా కొట్టుకున్నాయి. గాలి ఆగాక పిల్లలు బయటికి పరిగెత్తారు. ఎడమ మొక్క నేల మీద పడి ఉంది. కుడి మొక్క నిటారుగా నిలబడి ఉంది.

చిటపటకి ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నేరుగా తాత దగ్గరికి వెళ్ళింది.

"ఇది పడిపోతుందని నీకు ముందే తెలుసు కదా. తెలిసీ చూస్తూ కూర్చున్నావా?"

తాత కూడా కోపం దాచుకోలేదు. "చెప్పబోతే వినకుండా పోయిందెవరు? ఎవరు రాసిన కాగితం చూసి మేడమ్ నన్ను దాని దగ్గరికి వెళ్ళొద్దన్నారు?"

చిటపట వెళ్ళి పడిపోయిన మొక్క పక్కన కూలబడింది.

తాత మొక్కని పైకెత్తి వేళ్ళు చూపించాడు. అన్నీ పైపైనే, గుప్పెడంత ముద్దగా ఉన్నాయి. రోజూ మొదట్లోనే నీళ్ళు దొరుకుతుంటే వేరు లోపలికి దిగాల్సిన పనేముందని అడిగాడు. తను మూరెడు దూరంలో చుట్టూ చిన్న కాలువలా గాడి తీసి, పదిహేను రోజులకోసారి నిండుగా పోస్తాడట. తడి కిందికి ఇంకితే, వేరు దాన్ని వెతుక్కుంటూ దిగుతుందట. కావాలంటే తన మొక్కని లాగి చూడమన్నాడు. చిటపట రెండు చేతులతో లాగింది. అది కదల్లేదు.

"మరి ఇది బతుకుతుందా తాతా?"

"మాటివ్వలేను. కొమ్మలు సగం కత్తిరించి, కర్ర కట్టి నాటి, చుట్టూ గాడి తీద్దాం. పట్టుకో."

నాటాక చేతులు కడుక్కోవడానికి వెళ్తూ చిటపట నోటీసు బోర్డు దగ్గర ఆగింది. తన కాగితం ఇంకా అక్కడే ఉంది. దాని పక్కనే గోడకి హాజరు పుస్తకం వేలాడుతోంది. తాత రోజూ పొద్దున్నే సంతకం పెట్టేది అందులోనే. అంటే రెండు నెలలుగా రోజూ ఆ మాట చూస్తూనే పెట్టాడన్నమాట. చిటపటకి మళ్ళీ కోపం ముంచుకొచ్చింది. ఈసారి తన మీదే.

కాగితాన్ని చించి పారేస్తే ఎవరికీ తెలిసేది కాదు. చిటపట అలా చేయలేదు. మర్నాడు ప్రార్థన అయ్యాక, అందరి ముందూ నిలబడి కొత్త కాగితం చదివింది. "తాతకి బద్ధకం లేదు. చెప్పింది వినడానికి నాకే బద్ధకం." కింద ఒక్క సంతకమే ఉంది. చదివి, పాతది తీసేసి, అదే చోట దీన్ని అంటించింది.

నెల గడిచింది. ఎడమ మొక్కకి రెండు చిగుళ్ళు వచ్చాయి. ఒక సాయంత్రం ఒకటో తరగతి బుడ్డది నీళ్ళ సీసా మూత తీస్తూ వచ్చింది. చిటపట చెయ్యి అడ్డం పెట్టింది.

"పాపం, దానికి దాహంగా ఉందక్కా. నీకు జాలి లేదా?"

చిటపట చెవులు ఎర్రబడ్డాయి. మోకాళ్ళ మీద కూర్చుని, బుడ్డదాని వేలు పట్టుకుని గాడిలోని మట్టిలోకి దించింది. పైన పొడిగా ఉంది కానీ లోపల చల్లగా తగిలింది.

"తడిగానే ఉందక్కా. ఎలా?"

చిటపట చెప్పబోయి ఆగింది. తాత నీడలో కూర్చుని కత్తెర తుడుచుకుంటున్నాడు.

"తాత బాగా చెప్తాడు. పద, కూర్చుని విందాం" అని బుడ్డదాని చెయ్యి పట్టుకుని అటు నడిచింది.