నారయ్య పట్టుకొచ్చిన చెయ్యి

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు అడుగున ఏ రాయి ఎక్కడుందో చెప్పగల మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు నారయ్య. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, నడక కంటే ముందు ఈత నేర్చినవాడు. ఆయన ఊపిరి బిగబట్టి మునిగాడంటే, ఒడ్డు మీద కూర్చున్నవాళ్లు ఒక బీడీ కట్ట కాల్చేసి, రెండో కట్ట కోసం దుకాణానికి పోయి, అక్కడ రెండు ముచ్చట్లు పెట్టి వచ్చేదాకా పైకి తేలేవాడు కాదు. ఎవరికైనా అనుమానముంటే అందులో ఒక బీడీ తగ్గించుకోవచ్చు. అంతకు మించి తగ్గేది లేదు.

అరవై ఎనిమిదేళ్లు వచ్చినా చెరువులో ఎవరైనా మునిగిపోతే పోలీసులు ముందు నారయ్య ఇంటికే మనిషిని పంపేవారు. మూడు జిల్లాల్లో ఆయన చేతికి దొరకని శవం లేదు. ఆయన పద్ధతి ఆయనది. కళ్లు మూసుకుని దిగుతాడు. బురదలో చేతులతో వెతుకుతాడు. మణికట్టు దొరికిందా, ఇక వదలడు. వెనక్కి తిరగకుండా ఒడ్డుకు ఈడ్చుకొస్తాడు. మొఖం తాను చూడడు. చూడాల్సింది ఇంటివాళ్లు. వాళ్లు "అవ్, మావాడే" అన్నాక చెయ్యి వదిలి, ఒక కొబ్బరికాయ, ఒక కండువా తీసుకుని ఇంటికి పోతాడు.

కానీ దిగేముందు మూడు మాటలు అడగాలి. పోయింది ఎవరు, వయసెంత, ఒంటి మీద ఏం బట్టలు. తండ్రి బిక్షం చెప్పిన కట్టు అది. అడిగి దిగితే నీళ్లు అడిగినవాళ్లనే ఇస్తాయట. అడగకుండా దిగితే నీళ్లు తమకు తోచింది చేతిలో పెడతాయట. నారయ్య యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగకుండా దిగలేదు.

పోయిన వానాకాలం మనవరాలు సింధుకు డెంగీ జ్వరం వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. తొమ్మిది రోజులు దవాఖాన మంచం మీద కళ్లు తెరవలేదు. పిల్ల లేచి కూర్చుంటే మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి, హంసలదీవి వేణుగోపాలస్వామికి మొక్కు చెల్లించి, సాగరసంగమంలో తాను మునుగుతానని నారయ్య దవాఖాన మెట్ల మీద నిలబడి మొక్కుకున్నాడు. పదో రోజు పిల్ల లేచి ఇడ్లీ అడిగింది.

పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేలా యాచారం బాలేష్ కిరాయి బండి మాట్లాడారు. కొడుకు పరమేశ్వర్‌కు, కోడలు రమకు సెలవు దొరకలేదు. తాత, నానమ్మ బాలనర్సమ్మ, పిల్ల, అంతే. తెల్లవారుజామున రమ నిద్రకళ్లతో ఉన్న పిల్లకు రెండు జడలు వేసి, పసుపు గౌను తొడిగి, బండిలో కూర్చోబెట్టి మామ వైపు తిరిగింది.

"మామా, మొక్కు తీర్చుకోండ్రి. పిల్లను మాత్రం నీళ్లల్ల దింపకుండ్రి. ఎట్ల తీస్కపోతున్నరో గట్లనే తెచ్చి నా చేతుల పెట్టుండ్రి."

"ఒంటి మీద చుక్క పడనియ్య బిడ్డా. నేనుండంగ నీకేం ఫికర్."

దారి పొడుగునా నారయ్య నోరు మూతపడలేదు. సూర్యాపేట వచ్చేసరికి తాను ఒంటిచేత్తో పట్టిన కొర్రమట్ట రెండు మూరలుంది. విజయవాడ దాటేసరికి అది నాలుగు మూరలైంది. మోపిదేవి గుడి దగ్గర దిగేసరికి ఆ చేపను మోయడానికి ఎడ్లబండి కట్టాల్సి వచ్చింది. సింధు పొట్ట పట్టుకుని నవ్వింది. బాలేష్ స్టీరింగు మీద చెయ్యేసి, చెరువుకు అలలుండయి తాతా, సముద్రం సంగతి చూద్దాం, చీలమండ దాటి దిగుతవో లేదో అన్నాడు. పిల్ల దానికీ నవ్వింది. ఆ నవ్వు నారయ్యకు ముల్లులా దిగింది.

మోపిదేవిలో పుట్టలో పాలు పోశారు. హంసలదీవి గుడిలో దండం పెట్టుకున్నారు. గుడి నుంచి సముద్రం ఒడ్డుకు ఇంకా నాలుగైదు కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పండగ రోజు కాదు, జనం లేరు. సరుగుడు చెట్ల కింద కొబ్బరిబొండాల బండి ఒక్కటుంది. బాలేష్ బండి ఆపి సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. బాలనర్సమ్మ కూడా పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని కునికింది. నారయ్య కండువా భుజాన వేసుకుని, ఒక్కడే ఇసుకలోకి నడిచాడు.

సరుగుడు చెట్లు దాటాక బండి కనబడలేదు.

ఎండ తెల్లగా కాస్తోంది. ఇసుక అంతా చచ్చిన పీతల వాసన. నది నీళ్లు ఒక రంగులో, సముద్రం నీళ్లు ఒక రంగులో, రెండూ కలిసేచోట గీత గీసినట్టుంది. ఆ గీతకు ఎదురుగా ఒక ఆడమనిషి గొంతుక్కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. స్నానం చేసిందనుకున్నాడు నారయ్య. అయితే ఆమె చుట్టూ ఇసుక మీద ఒక్క అడుగు జాడ కూడా లేదు. గాలికి చెరిగిపోయి ఉంటుందనుకున్నాడు.

మూడు మునకలు వేసి ఒడ్డుకొచ్చాడు. ఆమె ఆయన వైపు చూడకుండానే అడిగింది.

"ఎక్కడోళ్లు బాబాయ్?"

నారయ్యకు అంతకంటే ఏం కావాలి. ఊరు చెప్పాడు, చెరువు చెప్పాడు, ఊపిరి సంగతి చెప్పాడు, మూడు జిల్లాలు చెప్పాడు. ఆమె తల ఊపుతూ విన్నది.

"మావాళ్లు ఒకరు లోపలుండిపోయారు బాబాయ్. నువ్వైతే తెస్తావు. తెస్తావా?"

నారయ్య నోరు తెరిచాడు. ఎవరు, ఎంత వయసు, ఏం బట్టలు... మూడు మాటలూ నాలుక చివరకు వచ్చాయి. అంతలో బాలేష్ మాట గుర్తొచ్చింది. చీలమండ దాటి దిగుతవో లేదో. పిల్ల నవ్వు గుర్తొచ్చింది. సముద్రం నుంచి మనిషిని తీసిన తాత అని రేపు బడిలో చెప్పుకోవద్దా పిల్ల?

"ఎవరైతేంది. నా చేతికి దొరకనోడు ఇంక పుట్టలే. కూసో, తెస్త."

ఆమె మొదటిసారి ఆయన మొఖంలోకి చూసింది. 

కళ్లు మూసుకుని దిగాడు. ఉప్పు ముక్కులోకి పోయింది. గీత దాటాక నీళ్లు ఒక్కసారిగా చల్లబడ్డాయి. ఎండాకాలపు సముద్రం కాదది. చెరువు అడుగున, బురదలో ఉండే చలి. రెండు బారలు వేశాడో లేదో, చెయ్యి తగిలింది. వెతకనే లేదు... ఎవరో అందించినట్టు తగిలింది. లావు మణికట్టు, మగవాడిది. ఈడ్చుకుని ఒడ్డుకొచ్చి, వెనక్కి చూడకుండా నిలబడ్డాడు.

"చూసుకో."

ఆమె చాలాసేపు చూసింది.

"మాది కాదు. వదిలెయ్."

నారయ్య జీవితంలో పట్టిన చెయ్యి వదిలి ఎరుగడు. పరాయి శవమైనా దానికీ ఇంటివాళ్లుంటారు, పోలీసులకు చెప్పాలి, పిలవాలి. అయినా తెస్తానన్న మాట అడ్డొచ్చింది. వేళ్లు విప్పాడు. అల వచ్చి దాన్ని తీసుకుపోయిన చప్పుడు వినబడింది. బరువుగా... ఇసుక మీద బస్తా ఈడ్చినట్టు.

రెండోసారి దిగాడు. ఈసారి సన్నటి చెయ్యి, ముడతలు పడ్డ ముసలమ్మది. గాజులు లేవు.

"ఇదీ కాదు. వదిలెయ్."

వదిలాడు. ఆ చెయ్యి వెంటనే పోలేదు. ఆయన వేళ్ల కోసం రెండుసార్లు తడుముకుంది... తర్వాత పోయింది. అది అల ఊపే అయి ఉంటుంది. అల కాక ఇంకేముంటుంది. నారయ్య ఇక చాలనుకున్నాడు.

"మాటిచ్చావు బాబాయ్," అంది ఆమె, గుసగుసగా.

మూడోసారి దిగాడు.

నీళ్లలో ఇప్పుడు చాలా చేతులున్నాయి. ఒక్కటీ ఆయన్ను పట్టుకోలేదు. పొలంలో జొన్నకంకుల్లా పక్కకు ఒరిగి దారిచ్చాయి. వాటి మధ్య నుంచి ఒక చిన్న చెయ్యి వచ్చి ఆయన మణికట్టును పట్టుకుంది.

వెచ్చగా ఉంది.

యాభై ఏళ్లలో నారయ్య నీళ్లలో వెచ్చని చెయ్యి పట్టలేదు. ఒడ్డుకు ఎట్లా వచ్చాడో తెలియదు. కట్టు తప్పి కళ్లు తెరిచి, వెనక్కి చూశాడు.

సింధు.

అదే పసుపు గౌను. రమ వేసిన రెండు జడలు. కళ్లు తెరిచే ఉన్నాయి. దగ్గుతోంది, ఊపిరి తీస్తోంది, బతికే ఉంది. తన వెనకాలే వచ్చి నీళ్లలో పడిందన్నమాట. తాను శవాల కోసం వెతుకుతుంటే పిల్ల మునిగిపోతోందన్నమాట. నారయ్య పిల్లను గుండెకు హత్తుకుని భోరుమని ఏడ్చాడు.

ఆడమనిషి లేచి నిలబడింది.

"ఇది మాది కాదు. నీదే. తీసుకెళ్లు."

ఆయన ఆమె వైపు చూడలేదు. పిల్లను ఎత్తుకుని పరుగుపెట్టాడు. బాలనర్సమ్మ ఉలిక్కిపడి లేచి, పిల్ల ఎప్పుడు దిగింది, ఎట్ల తడిసింది అని అడిగితే, నోరు మూసుకోమన్నాడు. రమకు తెలిస్తే మొఖం ఎట్లా చూపాలి? తువ్వాలుతో తుడిచి, వేరే గౌను తొడిగి, బాలేష్‌ను తట్టి లేపి, ఇప్పుడే కదలాలని తొందరపెట్టాడు. వెనక ఎవరో కేకేసినట్టు బాలేష్‌కు అనిపించిందట. బొండాలు అమ్ముకునేటోడు లే, నడువు అన్నాడు నారయ్య.

తిరుగుదారిలో కొర్రమట్ట కథ లేదు. పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ల సీసాలు మూడు తాగింది. తాత మణికట్టు మాత్రం వదల్లేదు. భయపడిందిలే, రెండు రోజులైతే మరిచిపోతది అని నారయ్య తనకు తాను చెప్పుకున్నాడు. బొంగులూరు దగ్గర రింగురోడ్డు దిగేసరికి ఆయన చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది.

ఇంటి ముందు బండి ఆగింది. రమ గేటు దగ్గరే ఉంది. పిల్ల తాత చెయ్యి వదిలి తల్లి చెయ్యి పట్టుకుంది. రమ బిడ్డను ఎత్తుకుని ముద్దాడి, చెప్పినట్టే తెచ్చి నా చేతుల పెట్టిండ్రు మామా అని లోపలికి తీసుకుపోయింది. బాలనర్సమ్మ సంచులు మోసుకుని వెనకే వెళ్లింది. నారయ్య అరుగు మీద కూలబడి, గండం గడిచిందని ఊపిరి వదిలాడు.

అప్పుడు ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నారయ్యగారేనా అండీ? హంసలదీవి ఒడ్డు నుంచండి, కొబ్బరిబొండాలు అమ్ముతాను. ఏం మనుషులండీ మీరు. పిల్లని వదిలేసి వెళ్లిపోతారా?"

"ఏ పిల్ల?"

"పసుపు గౌనండి, రెండు జడలు. మీరంతా పడుకుంటే దిగొచ్చి నా బండి వెనకాల కుక్కపిల్లలతో ఆడుకుంటోంది. మీ బండి కదిలితే కేకలేశాం, ఆపలేదు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఇప్పుడే లేచి ఈ నంబరు చెప్పింది. ఇదిగో, మాట్లాడండి."

"తాతా..." అంది ఫోన్లో సింధు. వెక్కిళ్ల మధ్య మాట రావడం లేదు. "నన్ను మర్శిపోయినవా తాతా? ఈడ చీకటైంది. జల్ది రా."

నారయ్య లేచి నిలబడ్డాడు. తలుపు సందులోంచి లోపలి దీపం వెలుతురు అరుగు మీద పడుతోంది. రమ నవ్వు వినబడుతోంది.

"బిడ్డా, ఆడనే ఉండు. ఎవ్వరెంట పోకు. ఆ అన్న పక్కనే..."

"సరేలెండి, ఇక మీరు కంగారు పడకండి," బొండాలాయన గొంతు మళ్లీ వచ్చింది. "వాళ్లమ్మ వచ్చేసింది. పాపం, చీరంతా తడిసిపోయింది. రమ్మని చెయ్యి చాపుతోంది. పంపించేస్తున్నా."

"ఇయ్యకు," అన్నాడు నారయ్య.

అటువైపు అలల చప్పుడు ఒక్కసారి దగ్గరగా వినబడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఓ మామా," లోపలి నుంచి రమ పిలిచింది. "నీ మనవరాలు నా చెయ్యి ఇడుస్తలేదు. జర వచ్చి ఇడిపియ్యుండ్రి."

నవ్వుతూనే అంది. అప్పటికింకా నవ్వుతూనే ఉంది.