ఎవరి కోసమూ కాని నవ్వు

పొద్దున్నే కింద కొట్లో మిషన్లు మొదలయ్యాయి. ఆ ఇంట్లో అందరూ కుట్టుపని వాళ్ళే. అత్తగారు కొలతలు తీస్తుంది. పెద్దకోడలు గుడ్డ కత్తిరిస్తుంది. చిన్నకోడలు కాజాలు కుడుతుంది. అన్నదమ్ములిద్దరూ మిషన్లు తొక్కుతారు. కొన్నాళ్ళుగా పెద్దకోడలు మాత్రం కత్తెర పట్టలేదు. మేడమీది గదిలో బుడ్డోడి పక్కనే ఉంటోంది.

నెల కూడా నిండని ఆ బుడ్డోడు చిన్నకోడలు కన్న బిడ్డ. ఆమెకు అప్పటికే ఇద్దరు పిల్లలు. పెద్దామెకు ఎన్నేళ్ళు ఎదురుచూసినా కడుపు పండలేదు. "ఈసారి పుట్టేది నీ బిడ్డేనక్కా" అని చిన్నామె కడుపుతో ఉన్నప్పుడే అంది. అన్న మాట తప్పలేదు. పొత్తిళ్ళతో సహా తెచ్చి పెద్దామె చేతుల్లో పెట్టింది. పాలివ్వడానికి మాత్రం తనే మేడెక్కి వచ్చి వెళ్తోంది.

ఆ పొద్దున కూడా వచ్చింది. తాగుతూ తాగుతూనే బుడ్డోడు నిద్రలోకి జారాడు. కాసేపటికి పెదవి ఓ పక్కకు లాగి, బుగ్గ సొట్టపడేలా నవ్వాడు. తువ్వాలు మడతపెడుతున్న పెద్దకోడలు అది చూసింది. పెట్టిన మడత విప్పి మళ్ళీ పెట్టింది.

"రేపట్నుంచి డబ్బాపాలు పడదామనుకుంటున్నా."

"ఎందుకక్కా? నాకు పాలు బాగానే పడుతున్నాయిగా."

"మాటిమాటికీ ఈ మెట్లెక్కి రాలేవని."

"మెట్లకేముంది! నన్ను రావద్దంటున్నావా?"

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. నిన్న గడియ పెట్టుకున్నావు. రొమ్ములు బరువెక్కి, జాకెట్టు తడిసి బయట నిలబడ్డాను. లోపల్నుంచే వాడు నిద్రపోతున్నాడని చెప్పి పంపేశావు. ఇచ్చేశాను గదా అని గుమ్మం కూడా తొక్కనివ్వవా?"

పెద్దామె తువ్వాలు మంచం మీదికి విసిరేసింది.

"నా బాధ నీకేం తెలుసు! వాణ్ణి భుజాన వేసుకుని గదంతా తిరిగేది నేను. నా పక్కన పడుకుంటే నిద్రలో మొహం చిట్లిస్తాడు, మూతి వంకర పెడతాడు. నీ ఒళ్ళోకి రాగానే నవ్వుతాడు. అమ్మెవరో వాడికి తెలిసిపోయిందే. నేను ఉత్త ఆయాని!"

చిన్నామె ఆమెవంక వింతగా చూసింది.

"నవ్వుతాడా? నా దగ్గరా?"

"ఇప్పుడేగా నవ్వాడు!"

"నా కళ్ళకు ఆ నవ్వు ఆనలేదక్కా. కనుబొమలు ముడిచి, గడ్డం వణికిస్తాడు చూడు, నాకు అదే కనిపిస్తుంది. నన్నెందుకు ఇచ్చేశావని అడుగుతున్నట్టుంటుంది. వాడు నిద్రపోగానే లేచి పోతున్నది అందుకే. ఆ మొహం చూడలేక."

అప్పటికే అత్తగారు మెట్లెక్కి గుమ్మంలోకి వచ్చింది. మెడలో కొలతల టేపు, చేతిలో సుద్దముక్క అలాగే ఉన్నాయి.

"కింద గిరాకీలు వచ్చిన పని మానేసి మీ మాటలే వింటున్నారు. ఇంకాస్త గట్టిగా అరవండి, టిక్కెట్టు పెడతాను. వాణ్ణి ఉయ్యాల్లో వేసి ఇద్దరూ ఇవతలికి రండి."

వచ్చారు. ముగ్గురూ గుమ్మం పక్కన నిలబడి తొంగిచూశారు. ఉయ్యాల దగ్గర ఎవరూ లేరు. బుడ్డోడు కాసేపు రాయిలా పడుకున్నాడు. తర్వాత రెప్పల కింద కళ్ళు కదిలాయి. నుదురు ముడిచాడు. మూతి సున్నాలా చుట్టాడు. ఏడుపు మొహం పెట్టి, ఏడవకుండానే మానేశాడు. అంతలోనే రెండు బుగ్గలూ పొంగేలా నవ్వాడు.

"ఇప్పుడు ఎవర్ని చూసి నవ్వాడమ్మా? దోమతెరనా?" అంది అత్తగారు.

కోడళ్ళిద్దరూ ఇంకాస్త ముందుకు వంగి చూశారు.

"మీకు పట్టిన పిచ్చే నాకూ పట్టింది. మొన్న నా ఒళ్ళో నవ్వాడని వీధంతా చాటుకున్నాను. బరువు చూడ్డానికొచ్చిన నర్సమ్మకీ చెప్పాను. ఆవిడ నా పరువు తీసేసింది. ఈ వయసులో నిద్రలో వచ్చేవి నవ్వులూ కాదట, ఏడుపులూ కాదట. తలలో ఇంకా అన్నీ అమరుతుంటే మొహం దానంతటదే కదులుతుందట. కొత్త మిషను కొన్నప్పుడు దారం ఎక్కించకుండా ఉత్తినే తొక్కి చూడమూ? అదీ సంగతి. అసలు నవ్వు రెండో నెల్లో వస్తుందట, మెలకువలో, ఎదురుగా ఉన్న మొహాన్ని చూసి. అప్పుడు కొట్టుకోండి. నేనూ పోటీకి వస్తాను."

చిన్నామె గోడకు జారబడి కూర్చుంది.

"అయితే వాడికి నా మీద కోపం లేదా అత్తయ్యా?"

"కోపమా! వాడికింకా నువ్వు పాలవాసనవే. నిన్నింకా పోల్చుకోవాలి గదే పిచ్చిదానా."

చిన్నామె మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. బరువు దిగినవాళ్ళు ఏడ్చే ఏడుపు. అత్తగారు ఆమె తల నిమిరి, ఇంకేమీ అనకుండా కిందికి వెళ్ళిపోయింది.

పెద్దామె పక్కన కూర్చుంది.

"వాడు నిన్ను తిట్టుకుంటున్నాడనుకుంటూనే ఇన్నాళ్ళూ పైకి వచ్చావా?"

"వాడు పాలు తాగాలి గదక్కా."

అప్పుడు పెద్దామె తోడికోడల్ని సరిగ్గా చూసింది. పెదవులు ఎండిపోయాయి. కళ్ళ కింద నల్లబడింది. జుట్టు చిక్కుపడి ఉండగట్టింది. బిడ్డ మేడెక్కిన దగ్గర్నుంచి వచ్చినవాళ్ళంతా మేడకే వచ్చారు. కొత్త బట్టలూ, వేన్నీళ్ళూ, పలకరింపులూ అన్నీ పైకే. కన్నదాన్ని కాజాల ముందు కూర్చోబెట్టి అందరూ మరిచిపోయారు. తను కూడా.

లోపలికెళ్ళి గ్లాసెడు వేడిపాలూ, దువ్వెనా తెచ్చింది.

"తాగు. ఇటు తిరిగి కూర్చో."

"నేను దువ్వుకుంటాలే అక్కా."

"తిరగవే."

చివర్ల నుంచి మొదలుపెట్టి ఒక్కో చిక్కూ వేళ్ళతో విడదీస్తూ దువ్వింది. తర్వాత, వెనకనుంచే అంది:

"వాణ్ణి నా చేతుల్లో పెట్టిన రోజు నేను వాడినే చూశాను. నీ మొహం చూడలేదు. నీకొక్క మాటైనా చెప్పలేదు."

"ఏం మాట?"

పెద్దామె చెల్లెలి భుజం మీద నుదురు ఆనించింది.

"నన్ను అమ్మను చేశావే."

చిన్నామె చెయ్యి వెనక్కి చాచి ఆమె చెంప తడిమింది. తడి తగిలింది.

"దువ్వక్కా," అంది. "ఇంకా సగం ఉంది."