సూది వేశాక కూర్చోబెట్టే గది

మా అల్మాటి ఆస్పత్రిలో నేలకింద అంతస్తు ఉందే... అక్కడి చివరి గదికి మంచి పేరు లేదు. కిటికీ లేదు, గోడల్లో సీసం. పగలైనా రాత్రిలాగే ఉంటుంది. గుండెకి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూడ్డానికి, కిరణాలు చిమ్మే మందు నరంలోకి ఎక్కించి, ఫోటో తీసేదాకా మనిషిని ఒంటరిగా అక్కడే ఉంచుతారు. ఒంటరిగా అని మనం అనుకోవాలి. కూర్చున్నవాళ్ళు మాత్రం, "పక్కన ఎవరో ఉన్నారమ్మా!" అంటారు.

నేను నమ్మేదాన్ని కాదు. ఇన్నేళ్ళుగా ఆ గది ముందు నడవా తుడుస్తున్నా, ఒక్క దెయ్యమూ నా మొహం చూళ్ళేదు. కానీ సూది వేసే రౌషన్ అబద్ధాలాడే మనిషి కాదు. లోపల జరిగింది ఆవిడ చెప్పిందే.

పోయిన చలికాలం సపర్గలి తాత వచ్చాడు. గుర్రాలు కాచిన మనిషి, గుండె మొరాయించింది. వెంట కూతురు మైరా, నిండు చూలాలు. తాత అలా లోపలికి వెళ్ళాడో లేదో, మైరాకి ఊరి నుంచి ఫోన్ — తల్లి బిబిగుల్ పొయ్యి దగ్గరే కూలిపోయిందట. ప్రాణం పోయింది.

మైరా తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది, పాపం.

మా కజాఖుల్లో చావు కబురు కన్నబిడ్డ చెప్పకూడదు. తెల్లగడ్డం పెద్దలొచ్చి, అటూ ఇటూ తిప్పి, మెల్లగా చెవిన వెయ్యాలి. ఆ పెద్దలేమో మంచుదారిలో ఎక్కడో ఉన్నారు. పైగా డాక్టరు, "ఇప్పుడు తెలిస్తే ఆ గుండె తట్టుకోదు" అన్నాడు. దాంతో అందరం నోళ్ళు కుట్టేసుకున్నాం.

రౌషన్ సూది వేసింది. "తాతా, మీగడ తినండి. కొవ్వు తింటే బొమ్మ బాగా వస్తుంది. మీ ఒంట్లోంచి కిరణాలొస్తుంటాయి, రేపటిదాకా చూలాళ్ళని దగ్గరికి రానివ్వకండి."

"మా పిల్లనేగా అంటున్నావు? దాన్ని మా ముసల్ది చూసుకుంటుందిలే! ఈ మీగడ కూడా అది తీసిందే."

రౌషన్ మొహం తిప్పుకుని తలుపు వేసేసింది.

కాసేపటికి... లోపల మాటలు.

"దూరం జరగవే..." తాత గొంతే. గుసగుసగా.

రౌషన్ గబుక్కున తలుపు తీసింది. తాత తప్ప ఎవరూ లేరు.

"ఎవరితో తాతా?"

ఆయన లేచి ఫోటో గదికి నడిచాడు. మిషన్ కింద చేతులెత్తి, కదలకుండా పడుకున్నాడు. కళ్ళ నీళ్ళు మాత్రం చెవుల్లోకి కారుతూనే ఉన్నాయట. తెరమీద గుండె బొమ్మలో ఓ పక్క వెలుగే లేదు. రక్తం అందని చోటది.

తాత బయటికొచ్చేసరికి పెద్దలు దిగారు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "సపర్గలీ, మనం పెంచిన డేగ గుర్తుందా? ఎంత మచ్చికైనా, ఓ పొద్దున అది..."

తాత చెయ్యెత్తాడు. "తెలుసు. చెప్పొద్దు."

"నాన్నా!" అంటూ మైరా ఆయన మీదికి పరుగెత్తింది. అలాంటప్పుడు కావిలించుకుని ఏడుస్తాం మేము. తాత గోడకి అంటుకుపోయాడు.

"రాకు తల్లీ! కడుపులో బిడ్డుంది... రేపు. రేపు ఏడుద్దాం."

నడవాకి ఆ చివర తండ్రి, ఈ చివర కూతురు. అలా నిలబడే ఏడ్చారు.

"నీకెవరు చెప్పారు నాన్నా?"

"మీ అమ్మే. వచ్చి పక్కన కూర్చుంది. నాకు సూది వేశారు, దూరం జరగవే అన్నాను. వింటేగా! గట్టిగా వాటేసుకుని... 'ఇక నాకేం కాదులే' అంది."