అక్క సంతకం

పొద్దున ఏడింటికే కుట్టుమిషను చప్పుడు మొదలైందంటే పెద్దమ్మాయి కోపంగా ఉందని ఆ ఇంట్లో లెక్క. పది రోజులుగా అది రోజూ ఏడింటికే మొదలవుతోంది. ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తూ ఆమె గోడమీది క్యాలెండరు వైపు ఓరగా చూసింది. ఇవాళ్టి తేదీ కింద చెల్లెలు ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసిపెట్టుకుంది.

చెల్లెలు లిఫ్టు మెకానిక్. వీధి వీధంతా ఆమెను నట్టు అనే పిలుస్తారు. ఓ విదేశీ కంపెనీ ఉద్యోగమిచ్చింది కానీ వీసాకి ఒక మెలిక పడింది. అక్కడ మొదటి నెల బతకడానికి సరిపడా డబ్బు ఇరవై ఎనిమిది రోజులపాటు చిల్లిగవ్వ తగ్గకుండా బ్యాంకులో ఉన్నట్టు చూపించాలి. డబ్బుంది, నట్టు చెమటోడ్చి కూడబెట్టిందే. అయితే ఖాతా అక్కాచెల్లెళ్ళిద్దరి పేరు మీదా ఉంది. పోయిన అమ్మ ఎప్పుడో అలా తెరిపించింది. అందుకని "ఈ డబ్బు మా చెల్లెలిదే, నాకు అభ్యంతరం లేదు" అని అక్క సంతకం చేసిన ఉత్తరం జతచేయాలి. సాయంత్రం ఐదులోగా దరఖాస్తు పంపకపోతే ఆ బ్యాంకు కాగితాలకు గడువు తీరిపోతుంది. మళ్ళీ కొత్త కాగితాలు వచ్చేదాకా ఆగడం తన వల్ల కాదని కంపెనీ చెప్పేసింది.

ఆ ఉత్తరం పది రోజులుగా మిషను బల్ల మీదే ఉంది. అక్క దాని మీద సుద్దముక్కలు పెట్టుకుంటోంది.

"అక్కా, ఇవాళే ఆఖరు. సంతకం పెట్టవే."

"చేతిలో పనుంది."

"పది రోజుల్నుంచీ ఇదే మాట! ఓ గీత గీకడానికి ఎంతసేపే?"

"కొన్ని ఉత్తరాలు అందడానికి ఏళ్ళు పడతాయిలే."

నట్టుకి ఆ మాట తలా తోకా అర్థం కాలేదు. కిటికీ దగ్గర కూర్చున్న నాన్న మాత్రం పేపరు ఇంకాస్త పైకెత్తాడు. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు పోస్ట్‌మాన్‌గా చేశాడు. "నా చేతిలో ఒక్క ఉత్తరం తప్పిపోలేదు" అని గడపతొక్కిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. అప్పట్లో ఉత్తరాలు మోసిన తోలు సంచీ ఇప్పటికీ తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది.

అక్క డ్రాయరు లాగి ఓ పాత కవరు చెల్లెలి ముందు పడేసింది.

"చదువు."

తొమ్మిదేళ్ళ కిందటిది. పెద్ద నాటక సంస్థలో దుస్తులు కుట్టే ఉద్యోగం, పదిహేను రోజుల్లో వచ్చి చేరమని అక్క పేరు మీద వచ్చిన ఉత్తరం.

"వీసాకి నీ సర్టిఫికెట్లు వెతుకుతుంటే నీ పాత బడి సంచీలో దొరికింది. నాకు చేతకాదని వాళ్ళు వద్దన్నారనుకున్నానే! ఆ సిగ్గుతో ఇంకెక్కడా అడగలేదు. నేను పోతే మంచంపట్టిన అమ్మ చాకిరీ నీ నెత్తిన పడుతుందని దాచావు కదూ? ఇప్పుడు నీ వంతు. ఐదు కొట్టేదాకా కూర్చో. ఎలా ఉంటుందో తెలుస్తుంది."

"నాకు తెలీదక్కా, ఒట్టు! అప్పుడు నాకు పదిహేనేళ్ళు..."

"పదిహేనేళ్ళకి కుట్రలు రావా?"

నట్టు ఏడుస్తూనే పనిముట్ల సంచీ భుజాన వేసుకుంది. "నీ కడుపు చల్లబడితే అదే చాలు. నేను లిఫ్టుల షాపుకి పనికి పోతున్నా. చెడగొట్టింది నేను కాకపోయినా బాగుచేస్తే, అక్కడ కనీసం మెచ్చుకుంటారు."

తలుపు ధడాలున పడింది. నిజం చెప్పొద్దూ, అక్కకి ఆ చప్పుడు తియ్యగానే వినిపించింది. తొమ్మిదేళ్ళ కసి మరి! మళ్ళీ మిషను తొక్కబోయింది.

"దాచింది అది కాదమ్మా. నేను."

నాన్న ఒళ్ళోకి పేపరు జారిపోయింది.

"మీ అమ్మని లేపి కూర్చోబెట్టడం నీకొక్కదానికే వచ్చేది. నేను పట్టుకుంటే నొప్పని అరిచేది. నాలుగు రోజులాగి ఇద్దామనుకున్నా. గడువే దాటిపోయింది. చింపడానికి చేతులు రాలేదు. ఎవరూ తెరవరని చెల్లి పాత బడి సంచీలో పెట్టా."

"ఊరందరి ఉత్తరాలూ పంచి, కన్నకూతురి ఉత్తరం మింగేశావా నాన్నా! ఇందాక అది అంతలా ఏడుస్తుంటే నోరు పెగల్లేదా?"

"భయమేసింది."

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. నాన్న మీద కోపంతో వచ్చిన ఏడుపు, బల్ల మీది ఉత్తరం కంటపడగానే ఇంకోలా మారింది. పది రోజులుగా తను చేసిందేమిటి? నాన్న చేసిన పనే. ఐదు కొట్టేదాకా ఆగి ఉంటే ఆయనకీ తనకీ తేడా లేకుండా పోయేది.

సుద్దముక్కలు తోసేసి సంతకం చేసింది. కవరులో పెట్టి పైన చెల్లెలి పేరు రాసింది. మేకుకున్న తోలు సంచీ తీసి నాన్న భుజాన తగిలించింది.

"దాని చేతికే ఇవ్వు. అందినట్టు సంతకం తీసుకురా."

"నాలుగు వీధులమ్మా. మోకాలు..."

"నడు."

ఆయన నడిచాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ నిలబడింది. మలుపు దగ్గర ఆయన గోడ పట్టుకుని ఆగితే గడపదాకా వెళ్ళి, పళ్ళు బిగించి వెనక్కొచ్చింది. కాసేపు నడవనీ అనుకుంది.

పదీ ఇరవైకి ఫోను మోగింది. అవతల నట్టు వెక్కుతోంది.

"అక్కా, నాన్న అంతా చెప్పాడే. రోడ్డు మీద నిలబడి సంతకం అడుగుతున్నాడు. కూర్చోమంటే కూర్చోడు. ఏం రాయను?"

"అందిందని రాయవే," అంది అక్క, చెప్పులు వెతుక్కుంటూ. "టైము కూడా వెయ్యి. ఆయనకి కుర్చీ వేసి, నువ్వు ముందు ఆ దరఖాస్తు పంపు. నేనొస్తున్నా."